సర్వే చేసి వెళ్ళిపోయాక ఏం జరుగుతుంది?

విశాఖపట్నంలో సర్వేలకి అలవాటు పడని పేట దాదాపు ఉండదు. కొండవాలు కాలనీల్లో, జాలారిపేటలో, గాజువాక వైపు నిర్వాసిత కాలనీల్లో, పైన పాడేరు అరకు వైపు గూడేల్లో ఎవరో ఒకరు ట్యాబ్ పట్టుకునో ఫారం పట్టుకునో వచ్చి ఇంట్లో ఎంతమంది, ఏం పని చేస్తారు, నెలకి ఎంత వస్తుంది, మరుగుదొడ్డి ఉందా అని అడిగి రాసుకుని వెళ్తూనే ఉంటారు. వాళ్ళలో సచివాలయం స్టాఫ్ ఉంటారు, ఎన్జీవో వాళ్ళు ఉంటారు, ఆంధ్రా యూనివర్సిటీలో ఆంత్రపాలజీయో సోషల్ వర్కో ఎకనామిక్సో చదువుతూ డిజర్టేషన్ కోసం తిరిగే పిల్లలు ఉంటారు, అప్పుడప్పుడూ బయటి దేశాల నుంచి వచ్చిన రీసెర్చర్లు కూడా ఉంటారు. జనం వాళ్ళందరినీ అడిగేది ఒకటే, దీనివల్ల మాకేం వస్తుంది అని. చాలా మామూలు ప్రశ్నే కానీ, సోషల్ సైన్స్ చదివినవాళ్ళకి దీనికి తడుముకోకుండా జవాబు చెప్పడం కష్టం.

ఈ విషయం మీద రెండు రకాల మాటలు నడుస్తుంటాయి. సోషల్ సైంటిస్టులు సమాజానికి దారి చూపిస్తారు, వాళ్ళు రిపోర్టు రాస్తే గవర్నమెంటు పాలసీ చేస్తుంది, పాలసీ వస్తే జనం బాగుపడతారు అనే వరస సెమినార్ ప్రారంభోపన్యాసాల్లో వినిపిస్తుంది. థీసిస్‌లు రాసుకుని ప్రమోషన్లు తెచ్చుకోవడం తప్ప వీళ్ళవల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు అనేది క్యాంటీన్లో వినిపిస్తుంది, చాలాసార్లు అదే సెమినార్ అయ్యాక, అదే మనుషుల నోట. రెండిట్లోనూ కొంత నిజం ఉంది గానీ ఉత్తరాంధ్రలో, తెలుగు ప్రాంతాల్లో నిజంగా ఏం జరిగిందో ఒక్కో కేసూ తీసి చూస్తే కథ వేరేగా కనిపిస్తుంది. మార్పు ఎప్పుడూ జనం కొట్లాడుకునే తెచ్చుకున్నారు. సోషల్ సైంటిస్టు చేసిందల్లా ఆ బాధ ఉందని ఎవరూ కొట్టిపారేయలేకుండా లెక్క కట్టడం, అది ఎందుకలా ఉందో వివరించడం. ఆ పని కూడా పనికొచ్చిందా లేదా అనేది రెండు సంగతుల మీద ఆధారపడింది: లెక్కలోకి ఎవర్ని తీసుకున్నారు, రాసిన కాగితం చివరికి ఎవరి చేతికి వెళ్ళింది.

సోషల్ సైన్స్ అనే మాట ఇక్కడ ఎవరూ విననప్పుడే ఈ జిల్లాలో ఒక సర్వే జరిగింది. 1897లో అచ్చయిన కన్యాశుల్కం ముందుమాటలో గురజాడ దాని సంగతి రాశారు. అంతకి పదేళ్ళ ముందు విజయనగరం మహారాజా, విశాఖపట్నం జిల్లాలో మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు తీసుకుని ఆడపిల్లల్ని ఇచ్చిన పెళ్ళిళ్ళ లిస్టు తయారు చేయించారు (అప్పటి జిల్లా అంటే ఇప్పటి విజయనగరం కూడా అందులోనే). మూడేళ్ళలో తేలినవి 1034. అంటే ఏడాదికి 344 పైనే. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళ పిల్లలు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పసిపిల్లలు ముగ్గురు, ఆ పసిపిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. ఇప్పుడు చదివినా కడుపులో తిప్పే అంకెలివి.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే కన్యాశుల్కం అనే ఆచారం ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు, అది రహస్యమేమీ కాదు, కానీ ఎవరైనా అడిగితే ఎక్కడో ఒకటీ అరా జరుగుతుంటాయి లెండి అని తేల్చేయడానికి వీలుండేది, లిస్టు వచ్చాక ఆ వీలు పోయింది. ఇంకో సంగతి, ఈ లిస్టు పూర్తి కాదని, శుల్కం తీసుకున్నామని ఒప్పుకోవడానికి జనం ఇష్టపడరు కాబట్టి అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉండాలని గురజాడే అదే ముందుమాటలో చెప్పారు, ఈ రోజు రీసెర్చ్ మెథడాలజీ క్లాసులో రెండు లెక్చర్లు పట్టే పాయింటు అది. మరి లిస్టుతో ఆచారం ఆగిందా అంటే ఆగలేదు. ఆ అంకెల వెనక ఉన్న మనుషులు 1892లో విజయనగరంలో స్టేజీ ఎక్కాక జనం నవ్వుకుంటూ తమని తాము చూసుకోవడం మొదలైంది, అయినా దేశం మొత్తానికి పెళ్ళి వయసు చట్టం రావడానికి 1929 దాకా పట్టింది, అది కూడా ఆడపిల్లకి 14 అని. అంటే ఒక లెక్క సాహిత్యం చేతికి వెళ్ళి, అక్కడి నుంచి సంఘసంస్కర్తల చేతికి, పత్రికల చేతికి వెళ్ళి, నాలుగు దశాబ్దాలు నలిగితే గానీ చట్టం దాకా రాలేదు. సామాజిక మార్పు స్పీడు మామూలుగా ఇలాగే ఉంటుంది, మూడేళ్ళ ప్రాజెక్టు గ్రాంటుతో అది పొసగదు.

అదే కాలంలో లెక్కలు, కొలతలు ఇంకో చేతికి కూడా వెళ్ళాయి. ఎడ్గార్ థర్‌స్టన్ అని మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు, దక్షిణాది కులాల మీద, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు తెచ్చాడు, ఇప్పటికీ కులాల చరిత్ర గురించి వాదించుకునేవాళ్ళు అందులోంచి ముక్కలు తీసి చూపిస్తుంటారు. ఆయన మనుషుల తలలు, ముక్కులు కొలిచేవాడు, పోలీసులకి ఈ కొలతల్లో పాఠాలు కూడా చెప్పాడు. పుట్టుకతోనే నేరం చేసే జాతులు ఉంటాయనే ఆలోచనతో 1871లో వచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911 సవరణతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది, ఎరుకల లాంటి సంచార జాతుల్ని స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి రోజూ హాజరు వేయించారు. 1952లో చట్టం పోయింది, విముక్త జాతులు అని పేరు మారింది, కానీ ఆ ఊరి పేరు చెప్తే జనం ముఖాల్లో వచ్చే అనుమానం డెబ్భై ఏళ్ళయినా పూర్తిగా పోలేదు. కాబట్టి సోషల్ సైంటిస్టు అంటేనే ప్రజల పక్షం అనుకోవడం అమాయకత్వం, ఈ సబ్జెక్టులు పుట్టి పెరిగిందే పాలించేవాడి ఆఫీసులో.

ఆ ఆఫీసులోనే కూర్చుని ఇంకోలా పనిచేసిన మనిషి కూడా ఉన్నాడు. హైమండార్ఫ్ ఆస్ట్రియా నుంచి వచ్చిన ఆంత్రపాలజిస్టు, రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి ఇండియాలో ఉన్నాడు, జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో శత్రుదేశపు పౌరుడి కింద లెక్కేసి హైదరాబాద్ సంస్థానం దాటొద్దన్నారు. దాంతో ఆయన చెంచుల్ని, కొండరెడ్లని, ఆదిలాబాద్ గోండుల్ని స్టడీ చేశాడు. 1940లో జోడేఘాట్‌లో, గోండుల తిరుగుబాటు నడిపిన కొమరం భీం చనిపోయాక, ఆ తిరుగుబాటు ఎందుకొచ్చిందో తేల్చమని నిజాం సర్కారు ఆయన్నే అడిగింది. ఆయన తేల్చింది ఏమీ వింత విషయం కాదు: భూమి పోయింది, అడవి పోయింది, ఫారెస్టు వాళ్ళు, షావుకార్లు, పట్వారీలు కలిసి ఊపిరాడనివ్వలేదు. గోండులకి అది ముందే తెలుసు, భీం అదే చెప్పి చచ్చిపోయాడు. అయితే సర్కారుకి గోండు నోటి మాట అర్జీ కింద లెక్క, యూరప్‌లో చదువుకున్న మనిషి రాస్తే రిపోర్టు కింద లెక్క, ఈ తేడాని హైమండార్ఫ్ వాడుకున్నాడు. పట్టాలు ఇప్పించడం, మార్లవాయిలో గోండీ భాషలో బడి నడిపి అక్కడి కుర్రాళ్ళనే టీచర్లుగా తయారు చేయడం, గిరిజన ప్రాంతాలకి ప్రత్యేక చట్టం తేవడం, ఇవన్నీ 1940లలో జరిగాయి. రిపోర్టు ఇచ్చేసి చేతులు దులుపుకోకుండా సలహాదారు పోస్టులో కూర్చుని అమలు దాకా వెంటపడ్డాడు.

ఆ కథలో తక్కువగా చెప్పుకునే భాగం ఇంకోటి ఉంది. 1970ల చివర్లో ఆయన మళ్ళీ వచ్చి అదే ఊళ్ళు తిరిగాడు. అప్పట్లో పట్టాలు ఇప్పించిన భూములు చాలాచోట్ల బయటినుంచి వచ్చినవాళ్ళ చేతుల్లోకి పోయాయి, చట్టం కాగితం మీద అలాగే ఉంది. అంటే పైవాడి చేతిలో పెట్టిన రిపోర్టు పైవాడు మారేదాకానే పనిచేస్తుంది, కింద దాన్ని పట్టుకుని నిలదీసే జనం కావాలి.

విశాఖ ఏజెన్సీలో అదే జరిగింది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకి పోకూడదన్న రూలు 1917 నుంచీ ఏదో ఒక రూపంలో ఉంది, 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది, 1970లో దానికి పళ్ళు పెట్టారు, అదే జనం నోట్లో 1/70 చట్టం. శ్రీకాకుళం గిరిజనుల సాయుధ పోరాటం నడుస్తున్న రోజులవి, ఏ సెమినార్ తీర్మానం కన్నా ఆ పోరాటమే ఈ చట్టాన్ని తెచ్చిందంటే తప్పేమీ కాదు. కానీ చట్టం ఉన్నా, అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల ప్రైవేటు కంపెనీలకి గవర్నమెంటే మైనింగు లీజులు ఇచ్చింది, చట్టం మనుషుల మధ్య బదిలీకే గానీ గవర్నమెంటుకి వర్తించదనే వాదనతో. సమత అనే సంస్థ కోర్టుకెళ్ళింది, 1997 జులైలో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల మెజారిటీతో గవర్నమెంటు కూడా ఆ చట్టం కిందకే వస్తుంది, ఆ లీజులు చెల్లవు అని తేల్చింది. సమత తీర్పు అని దేశమంతా చెప్పుకునేది ఇదే. అలాంటి కేసుకి లాయరు ఒక్కడే చాలడు. ఏ గూడెం ఎప్పటి నుంచి ఉంది, ఎవరు ఏ చెక్క దున్నుతున్నారు, పోడు కింద ఏం పండిస్తారు, కొండ పోతే ఆ కుటుంబానికి ఏం పోతుంది, ఇవన్నీ ఒక్కొక్కటిగా సేకరించి పెట్టేవాళ్ళు ఉండాలి. పోడు అంటే అడవిని తగలబెట్టే పిచ్చిపని అని ఫారెస్టు డిపార్టుమెంటు వందేళ్ళుగా చెప్తుంటే, అదొక వ్యవసాయ పద్ధతి, దానికో లెక్క, విడుపు కాలం ఉన్నాయని చూపించింది ఫీల్డ్‌వర్క్ చేసినవాళ్ళే. 2015లో బాక్సైటు కోసం జీవో 97 వచ్చినప్పుడు చింతపల్లి వైపు జనం రోడ్డెక్కారు, ఆ జనం దగ్గర సమత తీర్పు ఉంది, తమ హక్కు ఫలానా అని చెప్పుకోగలిగే భాష ఉంది.

అయితే స్టడీ చెప్పిన మందే ఇంకో జబ్బు తెచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఏజెన్సీ సంతల్లో షావుకార్లు చింతపండు, అడ్డాకులు, తేనె ఎంత చవగ్గా లాగేసేవారో, ఉప్పు, బట్ట ఎంత ధరకి అంటగట్టేవారో, అప్పు కింద మనిషిని ఎలా కట్టేసుకునేవారో పాత రిపోర్టులన్నీ చెప్పాయి, మద్రాసు ప్రభుత్వం కోసం అయ్యప్పన్ అనే ఆంత్రపాలజిస్టు 1948లో ఇచ్చిన రిపోర్టు వాటిలో పేరున్నది. దళారిని తప్పించాలంటే గవర్నమెంటే కొనాలి అన్న ఆలోచనతో 1956లో గిరిజన కార్పొరేషన్ పుట్టింది, ఇప్పుడు విశాఖ జనానికి తేనె సీసాలతో, సబ్బులతో గుర్తుండే జీసీసీ అదే, హెడ్డాఫీసు ఇక్కడే. ఇంటి సరుకులు అమ్మే డీఆర్ డిపోలు వచ్చాయి, షావుకారు పట్టు కొంత సడలింది, అది నిజంగా మేలే. కానీ 1979 రెగ్యులేషన్‌తో అటవీ ఉత్పత్తులు కొనే హక్కు జీసీసీ ఒక్కదానికే అయ్యేసరికి, ధర బాగాలేకపోయినా చట్టప్రకారం ఇంకొకడికి అమ్ముకునే దారి లేకుండా పోయింది. రిపోర్టు రాసిన రోజున అందరి కళ్ళూ షావుకారు మీదే ఉన్నాయి, కొనేవాడు ఒక్కడే అయితే ఏమవుతుందో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అందుకే ఒకసారి స్టడీ చేసి వదిలేస్తే కుదరదు, పెట్టిన పథకం పదేళ్ళయ్యాక ఏం చేస్తోందో చూడటానికి మళ్ళీ వెళ్ళాలి, కానీ రెండోసారి వెళ్ళడానికి ఎవరూ డబ్బులివ్వరు.

ఇక స్టీలు ప్లాంటు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో జనం ప్రాణాలిచ్చిన ఉద్యమం, 1971 జనవరిలో శంకుస్థాపన, ఇవి అందరికీ తెలిసినవే. ప్లాంటు కోసం లేచిపోయిన ఊళ్ళ గురించి మాత్రం గాజువాక దాటి బయట మాట్లాడుకునేది తక్కువ. అప్పటి భూసేకరణ అంతా 1894 నాటి చట్టం కింద, దానికి తెలిసింది పట్టా ఒక్కటే, పట్టా ఉన్నవాడికి నష్టపరిహారం. కౌలుకి చేసేవాడు, కూలికెళ్ళేది, చెరువులో చేపలు పట్టుకునేవాడు, పశువులు మేపుకునేవాడు, ఊరు ఉంది కాబట్టే బతికే మంగలి, చాకలి, కమ్మరి, వీళ్ళెవరూ ఆ లెక్కలో నష్టపోయినవాళ్ళే కారు. నిర్వాసితులకి ఆర్ కార్డులు (పునరావాస కార్డులు) ఇచ్చారు, ఉద్యోగాల్లో ప్రాధాన్యం అన్నారు, కొంతమందికి వచ్చాయి, రానివాళ్ళ గొడవ ఇప్పటికీ తేలలేదు, కార్డు తండ్రి పేరున ఉంటే కొడుక్కి పనికొస్తుందా, అన్నదమ్ములు ముగ్గురుంటే ఎవరికి, పెళ్ళయిన కూతురికి ఏమీ లేదా, ఇలా ఒక తరం బతుకంతా ఆ కార్డు చుట్టూ తిరిగింది. ఇదంతా కుటుంబం అంటే ఏమిటి, నష్టం అంటే ఏమిటి అని సేకరణ రోజునే సరిగ్గా అడగకపోవడం వల్ల వచ్చిన తంటా.

ఆ ప్రశ్నలు అడగడం చట్టంలోకి వచ్చింది 2013లో. దేశమంతా డ్యాముల కింద, గనుల కింద, ఫ్యాక్టరీల కింద లేచిపోయినవాళ్ళ మీద దశాబ్దాల పాటు రీసెర్చర్లు రాసినవి, నర్మద నుంచి బెంగాల్‌లోని సింగూరు దాకా ఉద్యమాలు చేసిన గొడవ, రెండూ కలిసి కొత్త భూసేకరణ చట్టం వచ్చింది, 2014 జనవరి 1 నుంచి అమలు. భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావం ఎంతో స్టడీ చేయాలి, కౌలుదారుని, కూలీని కూడా నష్టపోయినవాళ్ళలో చేర్చాలి, గ్రామస్తుల ముందు బహిరంగ విచారణ పెట్టాలి. సోషల్ సైన్స్ పుస్తకాల్లోంచి నేరుగా చట్టంలోకి వచ్చిన ముక్క ఏదైనా ఉందంటే ఇదే. తీరా 2018లో ఆంధ్రప్రదేశ్ సవరణ చేసి కొన్ని రకాల ప్రాజెక్టులకి ఆ స్టడీ నుంచే మినహాయింపు ఇచ్చుకుంది. మినహాయింపు లేనిచోట కూడా స్టడీ చేసే సంస్థకి డబ్బు ఎవరి నుంచి వస్తోంది, రిపోర్టు తెలుగులో ఊరికి చేరిందా అన్నవి చూస్తే ఉత్సాహం కొంచెం తగ్గుతుంది.

సముద్రం వైపు వస్తే లెక్కలోకి ఎవరొచ్చారన్న గొడవ ఇంకా బాగా కనిపిస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, ఆ రోజులకి గవర్నమెంటు భృతి ఇస్తుంది, పడవ మీద వేటకెళ్ళేవాళ్ళకి. బాగానే ఉంది, కానీ హార్బరులో వేలంపాటలో చేపలు కొనుక్కుని గంపల్లో పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మే ఆడవాళ్ళకి, ఎండుచేపలు ఆరబెట్టేవాళ్ళకి కూడా ఆ 61 రోజులూ సరుకు ఉండదు, ఆదాయం ఉండదు. మత్స్యకారుడు అంటే పడవెక్కే మగవాడు అని ఫారంలో ఉంది కాబట్టి వాళ్ళు అందులో లేరు. 2022 జనవరిలో రింగు వలల (చేపల గుంపు చుట్టూ వేసి లాగే పెద్ద వలలు) మీద పెద్దజాలారిపేట, వాసవానిపాలెం వైపు గొడవలై పడవలు తగలబడ్డప్పుడు బయటివాళ్ళకి అది రెండు పేటల కొట్లాటగా కనిపించింది. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల సంప్రదాయ వేటకి వదలాలన్న రూలు ఒకవైపు, రింగు వలకి లక్షలు అప్పు తెచ్చి పెట్టినవాడి గతి ఒకవైపు, ఎక్కడ ఎవరు వలేయాలో కులపెద్దలు కూర్చుని తేల్చుకునే పాత కట్టుబాటు ఇంకోవైపు. సముద్రంలో కిలోమీటర్లు కొలవడం తేలికే, ఆ కట్టుబాటు ఎందుకు పనిచేసేదో, ఇప్పుడు ఎందుకు పనిచేయట్లేదో తెలియాలంటే ఆ పేటలో నెలల తరబడి కూర్చోవాలి. విశాఖ జాలరుల మీద ఆంత్రపాలజీలో చక్కటి పని ఉంది, కానీ అది ఎక్కువగా ఇంగ్లీషులో, అమ్మవార్ల గురించి, నమ్మకాల గురించి ఉంది, ఫిషరీస్ ఆఫీసులో దాన్ని తిరగేసేవాళ్ళు ఉంటారని ఆశపడక్కర్లేదు.

ఈ మధ్య కాలంలో ఎకనామిస్టుల పద్ధతి వేరే దారి పట్టింది, మందుల ట్రయల్ లాగా లాటరీ వేసి కొన్ని ఊళ్ళకి పథకం ఇచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా తేడా చూడటం. దీనికి పేరున్న పని ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2005లో మొదలైంది, కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ నడిపించారు, రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచబ్యాంకు కలిసి. అయిదు జిల్లాల్లో 500 గ్రామీణ ప్రైమరీ స్కూళ్ళు, అందులో విశాఖపట్నం జిల్లా ఒకటి. వంద స్కూళ్ళలో పిల్లల మార్కులు పెరిగితే టీచరుకి బోనస్, వంద స్కూళ్ళలో బోనస్ స్టాఫ్ అందరికీ కలిపి, వందిట్లో అదనంగా ఒక కాంట్రాక్టు టీచరు, వందిట్లో స్కూలుకి గ్రాంటు డబ్బు, మిగతా వంద పోల్చి చూడటానికి ఉన్నవి ఉన్నట్టు. రెండేళ్ళ తర్వాత బోనస్ స్కూళ్ళ పిల్లలు లెక్కల్లో, భాషలో మిగతావాళ్ళని దాటారు, బోనస్ లేని సబ్జెక్టుల్లో కూడా నయమే. ఆ బోనస్ సగటున ఏడాది జీతంలో 3 శాతం దగ్గర, అంటే పెద్ద ఖర్చేమీ కాదు.

గ్రాంటు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మొదటి ఏడాది డబ్బు అనుకోకుండా వచ్చింది, పిల్లల చదువు కాస్త మెరుగైంది. రెండో ఏడాది మళ్ళీ వస్తుందని ముందే తెలుసు కాబట్టి తల్లిదండ్రులు తాము కొనే పుస్తకాల, పలకల ఖర్చు తగ్గించేసుకున్నారు, స్కూలే కొంటుంది కదా అని. దాంతో నికరంగా పిల్లలకి వచ్చిన లాభం కనపడకుండా పోయింది. ఇది చదివిన ఏ తల్లయినా ఇందులో వింతేముంది అంటుంది, చేతిలో పది రూపాయలు మిగిలితే ఇంకో అవసరానికి వాడుకోరా ఎవరైనా. కానీ గవర్నమెంట్ల బడ్జెట్లన్నీ డబ్బిస్తే చదువొస్తుంది అనే లెక్క మీదే నడుస్తాయి, ఆ లెక్క తప్పని అంకెలతో చూపించడం చిన్న విషయం కాదు. మరి ఇంత గట్టి ఆధారం దొరికాక బోనస్ పద్ధతి రాష్ట్రమంతా వచ్చిందా అంటే రాలేదు. ఆ పేపర్లు ప్రపంచంలో ఎకనామిస్టులు బాగా చదివేవి అయ్యాయి, ఇక్కడి బళ్ళలో మాత్రం పాత పద్ధతే. టీచర్ల సంఘాలకి మార్కులకి జీతం ముడిపెట్టడం ఇష్టం లేదు, వాళ్ళ అభ్యంతరాల్లో కొన్ని సబబైనవే, మార్కుల కోసమే చెప్పే చదువు ఎలా ఉంటుందో మన కార్పొరేట్ కాలేజీలు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఏ పద్ధతి పనిచేస్తుందో రుజువు చేయడం ఒక ఎత్తు, దాన్ని ఒప్పించుకోవడం ఇంకో ఎత్తు, ఈ రెండోది రాజకీయం, దానికి లాటరీ పనిచేయదు.

అసలు ఏ స్టడీ ముందుగా చెప్పలేని మార్పులు కూడా ఉన్నాయి. 1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది, రాత్రి బళ్ళలో ఆడవాళ్ళు కూర్చుని చదువుకుంటూ చదువుకుంటూ సారా గురించి మాట్లాడుకోవడం మొదలెట్టారు, 1992లో దూబగుంటలో సారా దుకాణం మూయించారు, అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా పోయింది, 1997కి అది ఎత్తేశారు కూడా. అక్షరాలు నేర్పడానికి పథకం వేసినవాళ్ళెవరూ సారా ప్యాకెట్లు తగలబెట్టడం ప్లానులో రాసుకోలేదు. రీసెర్చర్లు తర్వాత వచ్చి ఎందుకు జరిగిందో రాశారు, అది అవసరమే, కానీ క్రెడిటు ఎవరిదో మర్చిపోకూడదు.

కాగితం సరైన చేతికి వెళ్ళడం అంటే ఎలా ఉంటుందో చూడాలంటే ఉపాధి హామీలో సోషల్ ఆడిట్లు చూడాలి. ఆ చట్టం ఆలోచనలో జాన్ ద్రేజ్ లాంటి ఎకనామిస్టుల చేయి ఉంది, 2005లో చట్టం వచ్చింది, అందులోనే సోషల్ ఆడిట్ (ఖర్చు లెక్కల్ని జనమే సరిచూడటం) చేయాలని రాశారు. దేశంలో దాన్ని నిజంగా పెద్ద ఎత్తున చేసి చూపించింది ఆంధ్రప్రదేశ్, 2006లో మొదలెట్టి 2009లో దానికోసం విడిగా సొసైటీ పెట్టారు. కూలీల ఇళ్ళలో చదువుకున్న పిల్లలకే ట్రైనింగు ఇచ్చి, మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టిక) చేతికిచ్చి, ఇంటింటికీ పంపి, నీ పేరు మీద ఇన్ని రోజులు పని, ఇంత కూలి పడినట్టు ఉంది, నిజమేనా అని అడిగించారు. చనిపోయినవాళ్ళు కూలికెళ్ళినట్టు, తవ్వని చెరువు తవ్వినట్టు ఉన్నవన్నీ మండల ప్రజావేదికలో అందరి ముందూ చదివి వినిపించారు. దొరికిన డబ్బంతా రికవరీ అయిందా అంటే అవలేదు, చాలా తక్కువే వెనక్కి వచ్చింది. కానీ ఒక సర్వే చేయడంలో ఉండే నైపుణ్యం అంతా, ప్రశ్న అడగడం, సరిచూడటం, రాసుకోవడం, ఏ యూనివర్సిటీ గడప తొక్కని కుర్రాడి చేతికి వెళ్ళింది, ఆ డేటా తిరిగి ఊరి చేతికే వచ్చింది. సోషల్ సైంటిస్టు తన పనిముట్టుని జనానికి ఇచ్చేయడం అంటే ఇదే, డాక్టరేట్లకి ఇది అంత రుచించదు గానీ.

ప్రశ్న ఎటువైపు నుంచి అడుగుతారన్నది కూడా ఏజెన్సీలో రోజూ కనిపించేదే. ఏటా వానాకాలం వచ్చేసరికి గర్భిణుల్ని డోలీ కట్టి కొండ దింపే ఫోటోలు పేపర్లో వస్తాయి. గిరిజన మహిళలు ఆసుపత్రి కాన్పుకి ఎందుకు ముందుకు రావడం లేదు అని స్టడీ మొదలెడితే మూఢనమ్మకం, అవగాహన లేమి అని తేలుతుంది, అవగాహన సదస్సులు పెట్టమని సిఫారసు వస్తుంది. అంబులెన్సు ఈ గూడేనికి ఎందుకు రాలేకపోతోంది, దిగి వెళ్తే అక్కడ కువి, ఆదివాసీ ఒడియా లాంటి గూడేల భాషల్లో మాట్లాడేవాళ్ళు ఎవరున్నారు, కాన్పయ్యాక తిరిగి పైకి రావడానికి బండి ఎవరిస్తారు అని మొదలెడితే రోడ్డు, ఫీడర్ బైకు (బైకు అంబులెన్సు), ముందుగా వచ్చి ఉండటానికి వసతి గృహం తేలతాయి. రెండు స్టడీలూ పద్ధతి ప్రకారం కరెక్టే కావచ్చు. అందుకే ఆ ఊళ్ళ పిల్లలే చదువుకుని రీసెర్చర్లుగా రావడానికి అంత విలువ, వాళ్ళు మొదటి ప్రశ్న దగ్గరే అడ్డం పడతారు.

ప్రస్తుతానికి విశాఖలో సోషల్ సైన్స్ పరిస్థితి గొప్పగా ఏమీ లేదు. సివిల్స్ ఆప్షనల్ కోసం ఆంత్రపాలజీ, సోషియాలజీ చదివేవాళ్ళే ఎక్కువ, ఫీల్డ్‌వర్క్‌కి డబ్బుల్లేవు, ఉన్న డబ్బు మూడు నెలల్లో రిపోర్టు కావాలనే కన్సల్టెన్సీలది. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో పుట్టింది, ఈ వందేళ్ళలో ఏజెన్సీ గూడేల మీద, పేటల మీద వచ్చిన థీసిస్‌లన్నీ తెలుగులో సారాంశం రాయించి ఆయా పంచాయతీ ఆఫీసుల్లో ఒక్కో కాపీ పెట్టించినా పెద్ద పనే అవుతుంది, దానికి పెద్ద గ్రాంటు కూడా అక్కర్లేదు, జిరాక్సు ఖర్చు చాలు.

2027 జనగణనలో ఈసారి కులం కూడా అడుగుతారు. 1931 తర్వాత జనగణనలో కులాలన్నిటినీ అలా లెక్కించడం ఇదే మొదటిసారి, ఎస్సీ వర్గీకరణ కేసుల్లో చూసినట్టు కోర్టులు రిజర్వేషన్ గురించి ఏది అడిగినా ముందు డేటా ఏది అంటున్నాయి కాబట్టి ఈ లెక్క చుట్టూ రాబోయే ఇరవై ఏళ్ళ రాజకీయం తిరుగుతుంది. టీవీ చర్చలన్నీ కులం గడి గురించే జరుగుతాయి. పని గడి గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ, జాలారిపేటలో తెల్లవారుజామునే హార్బరుకెళ్ళి మధ్యాహ్నం దాకా చేపలమ్మి వచ్చిన మనిషిని ఎన్యూమరేటరు సాయంత్రం వచ్చి ఏం పని చేస్తావమ్మా అని అడిగితే, ఆమె బదులు ఇంట్లో మగవాళ్ళే ఇంట్లోనే ఉంటుందండీ అనేస్తారు. అక్కడ ఇంకో రెండు ప్రశ్నలు అడగాలని ఎన్యూమరేటర్లకి ట్రైనింగులో ఎవరైనా చెప్పాలి, ఆ చెప్పేవాళ్ళు ఏ డిపార్టుమెంటు నుంచి వెళ్ళాలో యూనివర్సిటీకి తెలుసు, కలెక్టరాఫీసు అక్కడికి ఎంతో దూరం కూడా లేదు.